కొండలో మొహం కంప్యూటరు కనిపెట్టలేదు, మనవాడే పెట్టాడు

ఏఐతో కనికట్టు బొమ్మలు చేసి వాట్సాపుల్లోకి వదిలే మన సాఫ్ట్‌వేరు సోదరసోదరీమణులకి ఒక విన్నపం. విన్నపం అని మర్యాదకి అన్నాను గానీ ఇది తగాదానే. నొచ్చుకునే మనసున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నాకేం బాధ లేదు.

ఏ బొమ్మల గురించో మీకు తెలుసు. మామూలుగా చూస్తే ఒక ఊరు, కొండ, పూలతోట, జనంతో కిటకిటలాడే సంత. ఫోను చేతంత దూరం పెట్టి కళ్ళు చికిలిస్తే అందులోంచి వినాయకుడో, రాముడో, ఫలానా నాయకుడో, ఫలానా హీరోనో బయటికొస్తాడు. కింద "కనబడిందా? అదృష్టవంతులకే కనబడుతుంది, పది మందికి పంపండి" అని ఒక ముక్క. ఆ ముక్క రాసినవాడికి చాలాసార్లు ఒక బీటెక్కో ఎంసీయేనో ఉంటుంది. పగలంతా ఆఫీసులో కోడ్ రివ్యూలు చేస్తూ "ఈ ఫంక్షన్‌కి కామెంట్ ఏదీ, ఎవడికి అర్థం కావాలిది" అని జూనియర్ల మీద విరుచుకు పడుతుంటాడు కూడా.

బొమ్మల మీద నాకు కోపం లేదు. బాగుంటాయి. నేనూ చేస్తాను. ఎలా చేశారో చెప్పకుండా జనం మీదికి వదలడం మీద నా కోపం. "ఏఐతో చేసింది" అని చిన్న అక్షరాలతో ఒక ముద్ర కొట్టేస్తే బాధ్యత తీరిపోయిందనుకోవడం మీద ఇంకా ఎక్కువ కోపం.

ముందు కాస్త వెనక్కి వెళదాం. స్టేబుల్ డిఫ్యూజన్‌ని 2022 ఆగస్టులో వెయిట్స్‌తో సహా అందరికీ ఇచ్చేశారు. 2023 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్ నుంచి ల్వ్‌మిన్ జాంగ్, అన్యి రావ్, మనీష్ అగ్రవాలా కంట్రోల్‌నెట్ పేపరు, దాంతో పాటు కోడూ పెట్టేశారు. అదే ఏడాది జూన్‌లో చైనాలో కొందరు ఆ పనిముట్లతోనే స్కాన్ చేస్తే నిజంగా పనిచేసే క్యూఆర్ కోడ్‌ని ఒక అందమైన బొమ్మలో కలిపేసి చూపించారు. అలా కలపడానికని తయారైన మోడళ్ళలో ఒకదాని పేరు 'క్యూఆర్ కోడ్ మాన్‌స్టర్'. అదీ ఉచితమే. సెప్టెంబరులో రెడ్డిట్‌లో ఒకరు క్యూఆర్ కోడ్ బదులు ఒక చుట్ల చుట్ల సుడిని దానికి ఇచ్చి, పాతకాలపు యూరప్ పల్లెటూరు వేయించారు. ఇళ్ళూ దార్లూ మబ్బులూ అన్నీ సుడిలో తిరుగుతున్నట్టు వచ్చింది. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. ఆ తర్వాత కొన్ని రోజులకే బటన్ నొక్కితే చాలు, హగ్గింగ్‌ఫేస్ పేజీలోనే చేసుకునే ఏర్పాటు వచ్చేసింది. అక్కణ్ణుంచి మన దేవుళ్ళ దాకా రావడానికి ఎంతసేపు!

ఇందులో ఏ ఒక్క మెట్టూ రహస్యం కాదని గమనించండి. పేపరు, కోడు, వెయిట్స్, పేజీ, అన్నీ ఊరందరి సొత్తు. ఊరుమ్మడి పొయ్యి మీద, ఊరి కట్టెలతో, ఊరి బియ్యం వండుకుని, వంటకం మాత్రం "మా ఇంటి రహస్యం" అనే మనిషిని పల్లెలో ఏమంటారో నేను ఇక్కడ రాయను.

సరే, లోపల ఏం జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. డిఫ్యూజన్ మోడల్ ఒట్టి చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుకీ ఆ గందరగోళాన్ని కొంచెం కొంచెం తీసేస్తూ ప్రాంప్టులో చెప్పిన బొమ్మ వైపు పోతుంది. కంట్రోల్‌నెట్ ఏం చేస్తుందంటే, అసలు మోడల్‌ని కదపకుండా దాని సగభాగానికి ఒక నకలు పక్కన పెట్టి, మనం ఇచ్చిన ఇంకో బొమ్మని ఆ నకలు ద్వారా ప్రతి మెట్టులోనూ గుర్తు చేస్తుంటుంది. మనం ఇచ్చే ఆ రెండో బొమ్మే మాస్కు. నలుపు తెలుపుల్లో ఒక మొహం, అంతే. మాస్కులో నల్లగా ఉన్నచోట నీడ, గుహ, చెట్ల గుంపు వస్తాయి. తెల్లగా ఉన్నచోట ఎండ, ఆకాశం, సున్నం కొట్టిన గోడ. ఎంత గట్టిగా గుర్తు చేయాలన్నదానికి ఒక స్లయిడర్ ఉంటుంది. తక్కువ పెడితే మొహం పోతుంది, ఎక్కువ పెడితే కొండ పోయి ఒట్టి మొహం మిగులుతుంది. మధ్యలో ఎక్కడ ఆపాలన్నదే చేసేవాడి నేర్పు. (ఆ నేర్పు ఉందని నేను ఒప్పుకుంటాను. ఎండాకాలం కొళాయి తిప్పి సరిగ్గా సన్నధార దగ్గర ఆపడంలో ఉన్నంత నేర్పు.)

మరి కళ్ళు చికిలిస్తే ఎందుకు కనబడుతుంది? చికిలించినప్పుడు సన్న సన్న వివరాలు అలుక్కుపోయి పెద్ద పెద్ద వెలుగునీడల పట్టీలు మాత్రమే మిగులుతాయి. మాస్కు దాక్కున్నది వాటిలోనే. మన భాషలో చెప్పాలంటే మీ కనురెప్పలు ఒక లో-పాస్ ఫిల్టరు. దగ్గరికి ఒకటి, దూరానికి ఒకటి కనబడేలా రెండు ఫొటోలని ఇలా కలిపే పద్ధతిని ఓడ్ ఒలీవా, ఆంటోనియో తొరాల్బా, ఫిలిప్ షిన్స్ 2006లోనే హైబ్రిడ్ ఇమేజెస్ అని పేరు పెట్టి వివరించారు. దగ్గర నుంచి ఐన్‌స్టీన్, దూరం నుంచి మార్లిన్ మన్రో కనబడే బొమ్మ మీలో సగం మంది చూసే ఉంటారు, అది ఆ బాపతే. అనుమానమున్న ఏ బొమ్మనైనా తీసుకుని నలభై పిక్సెళ్ళ వెడల్పుకి కుదించి చూడండి. దాక్కున్నాయన సిగ్గుపడుతూ బయటికి వచ్చేస్తాడు. చికిలించే పనే లేదు.

ఇంతకీ ఇందులో నాకు ముఖ్యమనిపించే సంగతి ఒక్కటే. దాక్కున్నది ఏదైనా సరే, దాన్ని ఒక మనిషి మాస్కుగా ఇచ్చాడు. మోడల్ దాన్ని కనిపెట్టలేదు, ఊహించలేదు. దీనికి చిన్న రుజువు. స్టేబుల్ డిఫ్యూజన్‌ని ప్రాంప్టులో తెలుగులో 'ఉగాది' అని రాయమంటే జిలేబీలు చుట్టి చేతిలో పెడుతుంది. అదే 'ఉగాది' అన్న అక్షరాలని మీరు మాస్కుగా ఇచ్చి మామిడితోట వేయమనండి, గుడిదీర్ఘాలతో సహా తప్పు లేకుండా తోటలో కనబడుతుంది. దానికి తెలుగు వచ్చేసిందనా? రాసింది మీరు కాబట్టి.

ఇది మనకి తెలుసు. చౌడేపల్లెలో మా చిన్నమ్మకి తెలియదు. తగాదా అంతా ఇక్కడుంది.

మా చిన్నమ్మ అమాయకురాలు అనుకునేరు. మదనపల్లె మార్కెట్లో టమోటా ధర తెల్లారేసరికి ఫోనులో చూసుకుని, కాయ కోయించాలా రెండ్రోజులు ఆగాలా అని తేల్చే మనిషి. లాటరీ తగిలిందని వచ్చే ఫోన్లకి ఆమె ఇచ్చే జవాబులు రికార్డు చేసి పెట్టుకోదగ్గవి. అలాంటి చిన్నమ్మ ఒకరోజు నాకు బోయకొండ బొమ్మ పంపింది. రాళ్ళూ చెట్లూ మెట్లదారీ అంతా కొండే, చికిలిస్తే గంగమ్మ తల్లి మొహం. ముక్కుపుడకతో సహా. కింద మూలలో ఏఐ అని ముద్ర కూడా ఉంది, చట్టం చెప్పినట్టే. ఆమే ఫోన్ చేసింది.

"బోయకొండ గుట్టలో అమ్మోరు కనిపిస్తా ఉండాది, చూస్తివా నాయనా?"

"అది కంప్యూటర్‌తో చేసిన బొమ్మ చిన్నమ్మా. కింద రాసిండారు కదా, ఏఐ అని."

"అదే నేను చెప్పేది. మన కండ్లకి ఆనేది కాదంట. ఏఐ పెట్టి చూస్తే బయటపడిండాదంట. ఎక్స్‌రే మాదిరి."

ఎక్స్‌రే మాదిరి! ఒక్క నిమిషం నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆమె ఆలోచనలో తప్పు వెదకబోతే దొరకలేదు. ఏఐ గురించి ఆమె టీవీలో విన్నదంతా ఏమిటి? డాక్టరు కంటికి ఆనని జబ్బుని ఏఐ స్కానింగులో పట్టేస్తుంది. రైతు కంటికి ఆనని తెగులుని ఆకు ఫొటోలో పట్టేస్తుంది. మనిషికి కనబడనిది చూపించేదే ఏఐ అని మనమే, మన రంగమే, పదేళ్ళుగా ఊదరగొట్టాం. ఇప్పుడు కొండ ఫొటో మీద ఏఐ అని ముద్ర ఉంది, చికిలిస్తే తన సొంత కళ్ళకే అమ్మవారు కనబడుతోంది. ఇంకేం కావాలి? అబద్ధం అని చెప్పాల్సిన ముద్ర కాస్తా ఆమెకి సర్టిఫికెట్టు అయి కూర్చుంది.

ఆ బొమ్మ తిరిగిన గ్రూపులో అప్పటికే ఒకాయన, అమ్మవారు కనబడిన రాతి దగ్గర దీపాల మంటపం కడదామని, వివరాలకి ఫలానా నంబరుకి ఫోన్‌పే చేయమని పెట్టేశాడు. గుడివాళ్ళకి దీంతో ఏ సంబంధమూ లేదని వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ చేసినవాడికి కూడా ఈ చందాలతో సంబంధం ఉండి ఉండదు. వాడు ఒక ఆదివారం మధ్యాహ్నం సరదాకి చేసి, నాలుగు లైకులు చూసుకుని నిద్రపోయి ఉంటాడు. కానీ ఆ మాస్కు ఫైలు కూడా పక్కనే పెట్టి ఉంటే ఫోన్‌పే నంబరు పెట్టినాయన కథ మొదట్లోనే తేలిపోయేది.

నేనేం చేశానంటే, చిన్నమ్మ ఫొటో ఒకటి తీసుకుని నలుపు తెలుపు చేసి, అదే బోయకొండలో ఆమె మొహం వచ్చేలా ఒక బొమ్మ చేశాను. పది నిమిషాల పని. మాస్కూ బొమ్మా పక్కపక్కన పెట్టి పంపాను. చూసి ఒకటే నవ్వు. "నన్ను గూడా దేవతని చేస్తివే!" అని. ఆ నవ్వు ఆగాక అడిగింది చూడండి, "అయితే అమ్మోర్ని ఆడ పెట్టినోడు ఎవురు?"

బొమ్మ చూసిన ప్రతివాళ్ళూ అడగాల్సిన ప్రశ్న అది. అడిగే అవకాశం లేకుండా చేస్తున్నది మనం.

గంగమ్మ మీద చిన్నమ్మకున్న భక్తి జోలికి నేను పోవడం లేదు. కొండ అలాగే ఉంది, గుడి అలాగే ఉంది, ఆ బొమ్మ లేనప్పుడూ ఆమె వెళ్ళేది, ఇప్పుడూ వెళుతోంది. మధ్యలో దూరిన మాస్కుగాడితోనే నా పేచీ.

ఇక్కడ కొందరు వెంటనే లేచి "మన పూర్వులు ఏఐ లేకుండానే ఈ కనికట్టు చేశారు, లేపాక్షి చూడు" అంటారు. తప్పకుండా చూద్దాం, కాకపోతే మీరు చూడమన్న చోట కాదు. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయంలో ఒకే ఒళ్ళు, మూడు తలలు ఉన్న ఆవు చెక్కడం ఉంది. అక్కడ గైడు ఏం చేస్తాడు? అరచేత్తో రెండు తలలు మూసి మూడోది చూపిస్తాడు. చేయి జరుపుతాడు, ఇంకో ఆవు. మళ్ళీ జరుపుతాడు, ఇంకోటి. తమిళనాట దారాసురంలో ఏనుగూ ఎద్దూ ఒకే తలని పంచుకున్న శిల్పం దగ్గరా ఇదే పద్ధతి. ఏనుగు ఒళ్ళు మూస్తే ఎద్దు, ఎద్దు ఒళ్ళు మూస్తే ఏనుగు. చేసిన కిటుకంతా రాతి మీద బాహాటంగా ఉంది, మీ అరచెయ్యే పనిముట్టు. కిటుకు తెలిశాక ఆనందం తగ్గుతుందా? పిల్లలైతే వాళ్ళే చేయి పెట్టి పదిసార్లు మూసి తెరిచి చూస్తారు. తెలిశాకే అసలు ఆట మొదలవుతుంది.

సాహిత్యంలోకి వస్తే పింగళి సూరన రాఘవపాండవీయం. అవే పద్యాలు ఒకలా చదివితే రామాయణం, ఇంకోలా విడగొట్టి చదివితే భారతం. సూరన దాన్నేమీ గుట్టుగా ఉంచలేదు. ఇది రెండర్థాల కావ్యమని, ఇలాంటిది రాయడం ఎంత కష్టమో అవతారికలోనే చెప్పుకుని మరీ మొదలుపెట్టాడు. పరాయి దేశం ఉదాహరణ కావాలంటే సాల్వడార్ డాలీ. 1973లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన లియోన్ హార్మన్ మొహాల గుర్తింపు మీద రాసిన వ్యాసంలో గళ్ళుగళ్ళుగా ఉన్న లింకన్ బొమ్మ వచ్చింది. దాన్ని పట్టుకుని డాలీ, కిటికీ దగ్గర నిలబడ్డ భార్య గాలా బొమ్మ దూరం నుంచి లింకన్‌గా మారేలా 1976లో పెద్ద చిత్రం వేశాడు. ఆ చిత్రం పేరులోనే ఇరవై మీటర్ల దూరంలో ఇది అబ్రహాం లింకన్ మొహం అవుతుందని రాసేశాడు. డాలీ అంతటి గప్పాలరాయుడికే లేని గుట్టు మనకెందుకండీ?

ఏఐలో కూడా ఇలా దర్జాగా చేసినవాళ్ళున్నారు. 2023 నవంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డేనియల్ గెంగ్, ఇన్‌బమ్ పార్క్, ఆండ్రూ ఓవెన్స్ విజువల్ అనాగ్రామ్స్ అని ఒక పని చేశారు. మామూలుగా చూస్తే ఒకటి, తలకిందులు చేస్తే ఇంకొకటి, ముక్కలుగా కోసి వేరేలా పేరిస్తే మరొకటి. ఇది మాస్కు బాపతు కాదు. గందరగోళం తీసే ప్రతి మెట్టులోనూ బొమ్మని నిటారుగా ఒకసారి, తిప్పి ఒకసారి మోడల్‌కి చూపిస్తారు. నిటారు బొమ్మకి ఒక ప్రాంప్టు, తిప్పినదానికి వేరే ప్రాంప్టు. వచ్చిన రెండు అంచనాలనీ ఒకే దిక్కుకి తెచ్చి సగటు తీసి, ఆ సగటు ప్రకారం ముందుకెళతారు. చివరికి మిగిలే గీతలు రెండు కథలకీ పనికొచ్చేవే. నా లెక్కలో లేపాక్షి ఆవుకీ సూరన పద్యానికీ చుట్టరికం ఉన్నది దీనికి. మన కొండలో మొహాలకి చుట్టరికం బట్టల మీద అచ్చు కొట్టే స్టెన్సిల్‌తో. ఇంత గొప్ప పని చేసినవాళ్ళు కోడు మొత్తం జాలంలో పెట్టి, ఏయే తిప్పుళ్ళకి ఇది పనిచేయదో కూడా రాశారు. స్టెన్సిల్ కొట్టినవాడు మాత్రం రహస్యమంటాడు!

ఇక నాతో వాదించిన మిత్రులు అన్న మాటలు.

"మెజీషియన్ చెప్తాడా కిటుకు?" చెప్పడు. కానీ టిక్కెట్టు కొని, స్టేజీ ముందు కూర్చుని, మోసపోవడానికే వచ్చానని ఒప్పుకున్నవాడికి అతను చెప్పడు. సంతలో నిలబడి ఇది దేవుడి మహిమ అంటే అతన్ని మెజీషియన్ అనరు, వేరే పేరుంది. పది చేతులు మారి చిన్నమ్మ ఫోనుకి చేరిన బొమ్మకి స్టేజీ ఏదీ?

"నమ్మేవాళ్ళు నమ్ముతారు, చెప్పినా వినరు." ఈ మాట అనేవాళ్ళకి అంగారకుడి మీద మొహం గుర్తు చేస్తాను. 1976 జులైలో వైకింగ్-1 తీసిన ఫొటోలో మనిషి మొహం లాంటి గుట్ట ఒకటి కనబడింది. నాసా ఆ ఫొటో ఇస్తూనే అది నీడల వల్ల అలా కనబడుతోందని కింద రాసింది. అయినా పాతికేళ్ళు పుస్తకాలు, సినిమాలు, గ్రహాంతరవాసుల కథలు. నిజమే, వినలేదు చాలామంది. కానీ ఫొటో ఎక్కడిది, ఏ ఎండలో తీసింది అన్న లెక్కలన్నీ అందరి ముందూ ఉన్నాయి కాబట్టి, 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అదే గుట్టని ఇంకా స్పష్టంగా తీసినప్పుడు రెండూ పక్కన పెట్టి చూడగలిగారు. మొహం లేదు, మామూలు గుట్ట. ఆ మొహాన్ని ఎవరూ కావాలని పెట్టలేదు. మన కొండలో పెట్టారు, పెట్టినవాడి డౌన్‌లోడ్స్ ఫోల్డరులో మాస్కు ఇప్పటికీ ఉంది. పాతికేళ్ళు ఆగాల్సిన పని లేకుండా ఈ సాయంత్రమే తేల్చేయొచ్చు.

"చట్టం ముద్ర వేయమంది, వేశాం." 2025 అక్టోబరులో కేంద్ర ఐటీ శాఖ ముసాయిదాలో బొమ్మ విస్తీర్ణంలో కనీసం పది శాతం ముద్ర ఉండాలన్నారు. 2026 ఫిబ్రవరి నిబంధనలకి వచ్చేసరికి ఆ పది శాతం లెక్క పోయి, స్పష్టంగా కనబడితే చాలన్నారు. పోలికలు మార్చి మనుషుల్ని ముంచే డీప్‌ఫేకులకి ఈ ముద్ర పనికొస్తుందేమో. కనికట్టు బొమ్మకి చాలదు. ఎందుకు చాలదో చిన్నమ్మ ఎక్స్‌రే మాటలో ఉంది. బొమ్మని ఏఐ చేసిందా, బొమ్మలో ఉన్నదాన్ని ఏఐ కనిపెట్టిందా అన్న తేడా రెండక్షరాల ముద్రలో పట్టదు.

"మా నైపుణ్యం ఎవడో కొట్టేస్తాడు." ఏ నైపుణ్యం బాబూ, కొళాయి తిప్పడమా?

పనిలో పనిగా ఇంకో సాంకేతిక సంగతి. కొన్ని పనిముట్లు, ఆటోమేటిక్1111 లాంటివి, మీ ప్రాంప్టూ సీడూ అన్నీ పీఎన్‌జీ ఫైలు లోపలే రాసి పెడతాయి. "మరి వివరాలు ఫైల్లో ఉన్నాయి కదా" అనొద్దు. వాట్సాప్‌లో ఫొటోగా పంపగానే బొమ్మ కుదించుకుపోయి ఆ రాత మొత్తం ఎగిరిపోతుంది. ఫైల్లో ఉన్నది ఊరికి చేరదు, బొమ్మలో కంటికి కనబడేదే చేరుతుంది. కాబట్టి నేను చేసేవాటిలో మాస్కుని గోరంత సైజులో బొమ్మ మూలలోనే అతికిస్తున్నాను, "ఈ నలుపు బొమ్మని నేను దాచాను" అని పక్కన తెలుగులో ఒక్క ముక్కతో. మొన్న ఉగాదికి మామిడితోట బొమ్మ అలాగే పంపాను. ఆఫీసులో నలుగురు మూల బొమ్మ చూసి, తోటతో పోల్చుకుని, దీర్ఘం ఏ కొమ్మలో దాక్కుందో పందెం వేసుకున్నారు. కిటుకు చెప్తే మజా పోతుందని నాతో వాదించినాయన కూడా ఆ పందెంలో ఉన్నాడు.

మూలలో అది పెడితే బొమ్మ అందం చెడిపోతుందంటారా? మీ పేరూ ఇన్‌స్టా ఐడీ వాటర్‌మార్కు కొట్టుకునే మూల ఒకటుంది కదా, అక్కడ పెట్టండి.